ఉదయగిరి అంతటికీ నా ఒక్క ఫోన్ నంబరు

నెట్ సెంటర్ పెట్టుకుందామనో, బ్రౌజర్లో పనికొచ్చే చిన్న చిన్న ఎక్స్‌టెన్షన్లు రాసి నలుగురికీ ఇద్దామనో అనుకునేవాళ్లు మా ఉదయగిరి వైపు ఊళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. అప్పుడప్పుడు వచ్చి నన్ను సలహా అడుగుతారు. ఇరవై ఆరేళ్లు ఈ పనిలో ఉన్నాను కాబట్టి నాకేదో తెలుసని వాళ్ల నమ్మకం. తెలిసినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. చదివాక కూడా దిగుతామంటే మీ ఇష్టం, నేను అడ్డుపడను.

మొదట ఒక సంగతి తెలుసుకోండి. షట్టర్ మీ పేరు మీద ఉంటుంది, బోర్డు మీద మీ పేరే ఉంటుంది, కరెంటు బిల్లు కూడా మీకే వస్తుంది. కానీ యజమాని మీరు కాదు, వేరే ఉన్నాడు. మీరు తెరిచే బ్రౌజరు ఆయనది, మెయిలు ఆయనది, వెతుక్కునే పెట్టె ఆయనది, మీరు రాసిన ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాల్సిన అంగడి కూడా ఆయనదే. ఆయన ముఖం మీరు ఎన్నడూ చూడరు. గొంతు వినరు. ఆ కంపెనీ వాళ్లను నేను పెద్దింటివారు అంటాను. అసలు పేరు రాయను. రాస్తే ఈ వ్యాసం వాళ్ల వెతుకులాటలో ఎవరికీ కనపడకుండా పోతుందని భయం. ఇరవై ఆరేళ్లలో నేను సంపాదించుకున్న జ్ఞానంలో ఈ భయం కూడా ఒక భాగం.

హనీఫ్ సాయిబు దగ్గర

నేను పని నేర్చుకున్నది ఆత్మకూరు బస్టాండు వెనకాల, హనీఫ్ సాయిబు జిరాక్సు, డీటీపీ అంగట్లో. మూడు కంప్యూటర్లు, వాటిలో రెండు పనిచేసేవి. ఏ రెండు పనిచేస్తాయో రోజూ పొద్దున అంగడి తెరిచాకే తెలిసేది. సాయిబుకి టైపింగు పెద్దగా రాదు. మనుషులతో పని ఎలా చేయాలో మాత్రం బాగా తెలుసు.

ఒకసారి కలిగిరి నుంచి ఒక పెద్దాయన తన పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సుకి ఇచ్చి, దరఖాస్తు పని ఇంకా రెండు మూడు సార్లు ఉంటుందని అన్నాడు. ఊరికే మోసుకుని తిరగడమెందుకని నేనే ఆ ఒరిజినల్ తీసి సొరుగులో పెట్టాను. పని అయ్యేదాకా ఇక్కడే ఉండనిమ్మన్నాను. ఆయనా సరేనన్నాడు. ఆయన మెట్లు దిగాక సాయిబు నన్ను పిలిచి ఆ సర్టిఫికెట్ బయటికి తీయించాడు.

"పరిగెత్తి పొయ్యి ఇచ్చేసిరా."

"ఆయన గూడా సరేనన్నాడు సాయిబూ. మళ్లీ మన దగ్గరికే గదా రావాల."

"అందుకేరా ఇచ్చేసి రమ్మనేది. మనిషి కాయితం మన సొరుగులో ఉంటే వాడు మనకి భయపడతాడు. భయపడే గిరాకీ నాకొద్దు."

బస్టాండులో బస్సు కదులుతుండగా కిటికీలోంచి ఆ సర్టిఫికెట్ అందించి వచ్చాను. ఆ ఎండలో పరిగెత్తించినందుకు సాయిబు మీద వారం రోజులు కోపంగా ఉన్నాను. ఆయన చెప్పింది పాతకాలపు ఛాదస్తమని తీర్మానించుకున్నాను. ఉదయగిరిలో నా సొంత అంగడి పెట్టినప్పుడు ఆ ఛాదస్తాన్ని ఆత్మకూరులోనే వదిలి వెళ్లాను.

అసలు పని ఏమిటంటే

నెట్ సెంటర్ అంటే ఇంటర్నెట్‌తో పని అనుకుంటారు. కాదు. ఫోటో సైజుతో పని. దరఖాస్తు పెట్టాలంటే ఫోటో యాభై కేబీ మించకూడదు, ఇరవై కేబీ తగ్గకూడదు. సంతకానికి ఇంకో కొలత. ఒక శాఖకు తెల్ల గోడ ముందు దిగిన ఫోటో కావాలి, ఇంకో శాఖకు నీలం గోడ కావాలి. ఉద్యోగం ఇచ్చేది రెండేళ్ల తర్వాతయినా ఫోటో మాత్రం మూడు నెలల లోపుదే కావాలి. ఈ కొలతలు పెట్టినవాళ్లు ఎప్పుడూ ఒక దరఖాస్తు కూడా నింపి ఉండరని నా గట్టి నమ్మకం.

ఫోటో తర్వాత మెయిలు. ప్రతి దరఖాస్తూ మెయిలు అడుగుతుంది. సీతారామపురం నుంచి ఉన్న ఒక్క బస్సూ పట్టుకుని వచ్చిన మనిషిని మీ మెయిల్ ఐడీ ఏమిటని అడిగితే ఆధార్ కార్డు చేతిలో పెడతాడు. కాబట్టి మెయిలు నేనే తెరిచేవాణ్ణి. ఖాతాకు ఒక ఫోన్ నంబరు తగిలించాలి. వచ్చినవాళ్లలో సగంమందికి అప్పట్లో ఫోన్ లేదు, ఉన్నవాళ్లు రీచార్జి అయిపోయినప్పుడల్లా నంబరు మార్చేవాళ్లు. అందుకని నా నంబరు పెట్టాను. మొదట పదిమందికి, తర్వాత వందమందికి, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడైతే ఒక నంబరు మీద అన్ని ఖాతాలు తెరవనివ్వరు గానీ అప్పట్లో అడిగే నాథుడు లేడు. పాస్‌వర్డులన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో నా వైభవం చూడాల్సింది. ఓటీపీలన్నీ నా ఫోన్‌కే వచ్చేవి. జలదంకిలో మా చెల్లెలి పెళ్లి జరుగుతుంటే ఆకు ముందు కూర్చుని, కుడిచేత్తో పప్పన్నం కలుపుతూ, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని ఉదయగిరికి ఓటీపీలు చదివాను. కలెక్టరయినా అంత తీరిక లేకుండా ఉండడని మా బావ అన్నాడు. నేను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

అందరికీ చెప్పిన కారణం, వాళ్లకు సులభంగా ఉంటుందని. చెప్పని కారణం ఇంకొకటి ఉంది. నంబరు నాదైతే, పాస్‌వర్డు నా దగ్గరుంటే, ఆ మనిషి పక్క అంగడికి పోలేడు. ఇది మోసం అని అప్పుడు నాకు అనిపించలేదు. సేవ అనే అనిపించింది.

సంచి

గిరాకీ పలచగా ఉండే మధ్యాహ్నాల్లో కూర్చుని ప్రోగ్రామింగు నేర్చుకున్నాను. నేర్చుకుని ఒక ఎక్స్‌టెన్షన్ రాశాను. అంటే బ్రౌజరుకు తగిలించుకునే చిన్న పనిముట్టు. దానికి 'సంచి' అని పేరు పెట్టాను. దరఖాస్తు పేజీలో ఒక్క నొక్కు నొక్కితే ఫోటోని ఆ శాఖ అడిగిన కొలతకు అదే తగ్గించి పెట్టేది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకసారి నింపితే గుర్తుపెట్టుకునేది. ఎవరి వివరాలూ ఆ కంప్యూటరు దాటి బయటికి పోయేవి కావు. దాని పొట్టలో ఒక్క ప్రకటన కూడా లేదు. ఇరవై నిమిషాల పని నాలుగు నిమిషాల్లో అయ్యేది. పెద్దింటివారి అంగట్లో పెట్టిన కొన్నాళ్లకే కలిగిరి, జలదంకి, వింజమూరు, ఎక్కడ నెట్ సెంటర్ ఉంటే అక్కడ సంచి ఉండేది.

ఒక పని బాగా జరుగుతోందంటే పెద్దింటివారి దృష్టి దాని మీద పడుతుంది. మొదట ఉత్తరం వచ్చింది. మీ ఎక్స్‌టెన్షన్ అవసరానికి మించిన అనుమతులు అడుగుతోంది అని. నిజమే, అన్ని వెబ్‌సైట్లలోనూ పనిచేసే అనుమతి అడిగాను. మన శాఖలు ఒక్కోటి ఒక్కో చిరునామాలో ఉంటాయి, చిరునామా కూడా ఆరు నెలలకోసారి మారుస్తాయి, నేనేం చేయను. సరేనని ఒక్కొక్క చిరునామా రాసి పంపాను. దాన్ని పరిశీలించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో రెండు శాఖలు చిరునామా మార్చాయి. మళ్లీ రాసి పంపాను. ఈసారి మీ వర్ణన స్పష్టంగా లేదు అన్నారు. స్పష్టంగా రాశాను. వర్ణన చాలా పొడుగ్గా ఉంది అన్నారు.

ఇది ఇలా ఉండగానే ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మార్చేశామని ప్రకటించారు. ఫలానా తేదీ లోపల అంతా కొత్త పద్ధతిలో తిరగరాయాలి, లేకపోతే పాతవి పనిచేయవు. ఎందుకు మార్చారయ్యా అంటే మీ భద్రత కోసం అన్నారు. నా భద్రత కోసం నేను రెండు నెలలు మొత్తం తిరగరాశాను. ఎదురుగా గిరాకీ నిలబడి ఉంటే వాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి రాశాను. అంతా అయ్యాక సంచి అంతకుముందు చేసిన పనే చేసింది, కాస్త నిదానంగా.

ఉత్తరాల కింద సంతకాలు ఉండేవి. ఒకసారి కెవిన్, ఒకసారి నాన్సీ. నేను చాలాకాలం వాళ్లు మనుషులే అనుకుని నమస్కారంతో మొదలుపెట్టి కుశలం అడిగి మరీ రాసేవాణ్ణి. ఒకరోజు విసుగొచ్చి, నాన్సీ గారూ మీరు నిజంగా మనిషేనా అని అడిగాను. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని జవాబు వచ్చింది. అడగకూడని మాట అడిగానేమోనని కాసేపు సిగ్గుపడ్డాను కూడా.

ఆ తర్వాత కలిగిరి నుంచి హజరత్ ఫోన్ చేశాడు. అతనిది కూడా నెట్ సెంటరే, ఈ పనిలో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు.

"అన్నా, మన సంచి బొమ్మతోనే అంగట్లో ఇంకొకటి పెట్టినారే. నువ్వే పెట్టినావా?"

చూశాను. అదే బొమ్మ, అదే రంగు, నేను చెమటోడ్చి స్పష్టంగా రాసిన వర్ణన మక్కీకి మక్కీ. దాన్ని తగిలించుకుంటే ఫోటో చిన్నది అయ్యేది కాదు గానీ బట్టతల మందు ప్రకటనలు మాత్రం ధారాళంగా వచ్చేవి. ఫిర్యాదు పెట్టాను. పరిశీలించాము, ఎలాంటి ఉల్లంఘనా కనపడలేదు అని కెవిన్ రాశాడు. రెండు వారాలకు నాన్సీ రాసింది. మీ సంచి మరొకరి ఎక్స్‌టెన్షన్‌ను పోలి ఉన్నందువల్ల తొలగిస్తున్నాము అని.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నాకు ఒళ్లు మండింది. హజరత్ ఒక సలహా ఇచ్చాడు.

"వాళ్లతో వాదించేది ఏందన్నా? వేరే పేరుతో ఎక్కించెయ్. గోడకి చెప్పినట్టు ఎంతకాలం చెప్తావు?"

నాకు ఇంకో మెయిలు ఖాతా ఉంది. దానితో సంచిని మళ్లీ ఎక్కించాను. ఆ ఖాతాకు ఉన్నది కూడా అందరికీ పెట్టిన నా ఫోన్ నంబరే అన్న సంగతి నాకు తట్టలేదు. పెద్దింటివారి మిషన్లకు మాత్రం వెంటనే తట్టింది.

మూసిన తలుపు

ఒక సోమవారం పొద్దున షట్టర్ తీసి కంప్యూటరు ముందు కూర్చుంటే నా మెయిలు తెరుచుకోలేదు. మీ ఖాతా, దానికి సంబంధించిన ఇతర ఖాతాలు మా నియమాలను ఉల్లంఘించినందువల్ల మూసివేశాము అని తెర మీద ఉంది. సంబంధించిన ఖాతాలంటే ఏమిటో పదకొండు గంటలకల్లా తెలిసింది. నా నంబరు ఉన్న ప్రతి ఖాతా మూశారు. అంటే ఉదయగిరిలో నేను తెరిచిన మెయిళ్లన్నీ. వాళ్ల లెక్కలో ఒకే నంబరుతో వందల ఖాతాలు నడిపేవాడు ఎవడో పెద్ద దొంగ అయి ఉండాలి. వాళ్ల తరఫున చూస్తే తప్పు పట్టలేను.

మొదట వచ్చింది రామిరెడ్డి. పక్క పల్లెలో పెద్ద రైతు, ఆయన మాటంటే ఆ చుట్టుపక్కల చెల్లుతుంది.

"ఏంది మాలకొండయ్యా, మా నాయన ఫోటోలన్నీ అందులోనే ఉండాయి. ఎవురయ్యా మూసినోడు?"

"కంపెనీ వాళ్లండీ. మనిషి ఎవురూ ఉండరు. ఉత్తరాల్లో నాన్సీ అని ఒక పేరు వస్తాది."

"ఆ నాన్సీ నంబరు ఇయ్యి. నేను మాట్లాడతా. కాదంటే ఎమ్మెల్యేతో చెప్పిస్తా."

నాన్సీకి ఎమ్మెల్యే ఫోన్ చేయడం చూడాలని నాకూ ఉంది గానీ నంబరు లేదు. ఆయన నమ్మలేదు. ఇంత పెద్ద కంపెనీకి ఫోన్ లేదంటే నేనే ఏదో దాస్తున్నానని అనుకుని పోయాడు.

అప్పీలుకి ఒక పెట్టె ఉంది. అందులో వెయ్యి అక్షరాల లోపల మన బాధ రాయాలి. రాశాను. నాలుగో రోజు జవాబు వచ్చింది, మా నిర్ణయం సరైనదే అని. మళ్లీ పెట్టాను, పెడుతూనే ఉన్నాను. సహాయం కోసం జనం మాట్లాడుకునే పేజీ ఒకటి ఉంటుంది, అక్కడ రాశాను. పేరు పక్కన మూడు పతకాలు తగిలించుకున్న ఒక స్వచ్ఛంద సేవకుడు, బ్రౌజరు మూసి మళ్లీ తెరిచి చూడమని సలహా ఇచ్చాడు.

మస్తాన్‌బీ

వచ్చిన అందరికంటే తక్కువ మాట్లాడింది మస్తాన్‌బీ. ఉదయగిరి మనిషి. ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేది. పధ్నాలుగేళ్లుగా అదే పని. ప్రభుత్వ నర్సు పోస్టులకు ఆమె దరఖాస్తు నేనే పెట్టాను, సంచితో, నాలుగు నిమిషాల్లో. మెరిట్ లిస్టులో ఆమె పేరు వచ్చింది. సర్టిఫికెట్లు చూపించడానికి ఏ రోజు రావాలో మెయిలులో చెబుతామన్నారు. ఆ మెయిలు కూడా నేను తెరిచిందే. వయసు పరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి నోటిఫికేషన్. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

బస్సు దిగి ఇంటికి పోతూ రోజూ అంగడి ముందు ఆగేది.

"తెరుచుకున్నాదా అన్నా?"

"రెండు రోజుల్లో తెరుచుకుంటాదిలేమ్మా. అప్పీలు పెట్టినాను."

ఒక వారం అయ్యాక ఆమే అడిగింది.

"ఒకసారి నెల్లూరులో ఆ ఉద్యోగాల ఆఫీసుకి పొయ్యి అడిగొచ్చేదా? మెయిలు పనిచెయ్యడం లేదని చెప్తే రాసుకుంటారేమో."

ఆ రోజు నేను సరేనని ఉంటే సరిపోయేది. నేనన్నది ఇది.

"ఎందుకమ్మా, ఒక రోజు డ్యూటీ పోతాది. ఆడికి పోతే వాళ్లు కూడా మెయిలు చూసుకోమనే అంటారు. నేను చూసుకుంటా గదా."

ఎందుకు అలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. నెల్లూరు వెళితే నా వల్లే మెయిలు పోయిందని నలుగురిలో ఒప్పుకున్నట్టవుతుంది. అప్పీలు గెలిస్తే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. నేను పెద్దింటివారితో నా పరువు కోసం కొట్లాడుతున్నాను. ఆమె రోజులు అందులో ఖర్చయిపోతున్నాయి. రెండు రోజుల్లో అన్న మాట మూడు వారాలు చెప్పాను.

మూడు వారాలు దాటాక నాకే భయం వేసి, ఇద్దరం కలిసి నెల్లూరు వెళ్లాం. ఆమె సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఆఫీసులో గుమస్తా లిస్టు తీసి చూశాడు.

"వెరిఫికేషన్ అయిపొయ్యి నాలుగు దినాలు అయినాదమ్మా. నీకు మెయిలు పంపినాం గదా."

"మెయిలు మూసేసినారు సార్," అన్నాను.

"ఎవురు?"

కంపెనీ వాళ్లని చెప్పాను. ఆయన మంచివాడే, విసుక్కోలేదు.

"అయితే వాళ్ల దగ్గర్నుంచి ఒక లెటరు రాయించుకోని రాండి. ఫలానా తేదీ నుంచి మూసినాం అని, సీలు ఏసి. పైన పెట్టి చూస్తాం."

సీలు. కెవిన్ దగ్గర నుంచి సీలు. ఇరవై ఆరేళ్లు కాగితం పని చేసినవాణ్ణి, ఆ మాటకు నవ్వు రావాలి. రాలేదు. మస్తాన్‌బీ నా వైపు చూసింది. నేను ఆ లెటరు తెస్తానేమోనని ఆమె చూపులో ఇంకా ఉంది. బయటికి వచ్చాక అలాంటి లెటరు ఎవరూ ఇవ్వరని చెప్పాను. మూడు వారాల్లో ఆమెకు నేను చెప్పిన మొదటి నిజం అదే.

తిరుగు బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. ఆత్మకూరులో దిగుతూ, "డ్యూటీకి టైమయినాది, పోతా," అని మాత్రం అంది. ఉదయగిరి దాకా నేను ఒక్కణ్ణే వచ్చాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని దారంతా అనుకున్నాను.

మీకు చెప్పేది

పెద్దింటివారిని తిట్టడం సులభం. అంతా తిట్టండి, నేనూ కలుస్తాను. వాళ్లకు మనిషిని పెట్టే స్తోమత ఉంది, పెట్టరు. తప్పు చేసినవాడికీ చేయనివాడికీ తేడా చూసే ఓపిక లేదు. నకిలీ సంచి ఈ రోజుకీ వాళ్ల అంగట్లో ఉంది. దానికి నాలుగున్నర నక్షత్రాలు.

కానీ మనల్ని మనం కూడా చూసుకోవాలి. వాళ్లు ప్రపంచానికి చేసింది నేను ఉదయగిరికి చేశాను. అందరి తాళాలూ నా దగ్గర పెట్టుకున్నాను. సులభంగా ఉంటుందని చెప్పాను, అది నిజమే కూడా. ఎవరూ పక్కకు పోకుండా చూసుకున్నాను. తలుపు మూసుకున్నప్పుడు, రెండు రోజుల్లో తెరుచుకుంటుందని నాన్సీ లాగే అందరికీ ఒకే జవాబు చెప్పాను. నాన్సీ మిషను. నాకు ఆ సాకు కూడా లేదు.

ఎక్స్‌టెన్షన్ రాయాలంటే రాయండి. అది ఒక్క రాత్రిలో మాయం కావచ్చని తెలిసి రాయండి, దాని మీద ఎవరి బతుకూ ఆనించకండి. మెయిలు తెరిచేటప్పుడు అవతలి మనిషి నంబరే పెట్టండి. ఫోన్ లేకపోతే ఇంట్లో ఎవరిదైనా నంబరు తెచ్చుకోమనండి, అంతేగాని మీది పెట్టకండి. మీకు తెలియని సంగతి అడిగితే తెలియదని ఆ రోజే చెప్పండి. ఇవన్నీ హనీఫ్ సాయిబు నాకు ఒక్క మధ్యాహ్నంలో చెప్పిన సంగతులే, నేర్చుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

తెరుచుకున్నాక

అయిదు నెలల తర్వాత ఒకరోజు ఖాతాలన్నీ వాటంతట అవే తెరుచుకున్నాయి. పునఃపరిశీలనలో మీ ఖాతా పొరపాటున మూసినట్టు తేలింది, మీ ఓపికకు ధన్యవాదాలు అని ఉంది. ఓపిక ఎవరిదో వాళ్లకు తెలియదు. ఆ వారం నుంచే ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ల ఖాతాలు వాళ్ల నంబర్లకు మార్చడం మొదలుపెట్టాను. రామిరెడ్డి నాయన ఫోటోలు దొరికాయి. అన్నీ మార్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత షట్టర్ దించేశాను.

అందరికంటే ముందు పిలిచింది మస్తాన్‌బీని. ఆమె సెలవు రోజున వచ్చింది. మెయిలు తెరిచి కుర్చీ ఆమె వైపు తిప్పాను. ఆ ఉత్తరం అక్కడే ఉంది, చదవని ఉత్తరాలు ఉన్నట్టు నల్లగా, లావుగా. తేదీ, టైము, తేవాల్సిన సర్టిఫికెట్లు, రెండు ఫోటోలు. ఆమె మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివింది. మళ్లీ పైకి వెళ్లి తన పేరు ఉన్న లైను ఇంకోసారి చదివింది.

"ప్రింటు తీసేదా?" అన్నాను.

"ఎందుకన్నా."

నేను కంపెనీ మీద మొదలుపెట్టాను. "వాళ్ల మీద కేసు వెయ్యాలమ్మా. పొరపాటున మూసినామని వాళ్లే ఒప్పుకున్నారు గదా. నీ తరఫున నేను రాస్తాను. ఎంత పెద్ద కంపెనీ అయితే మాత్రం..."

ఆమె చివరిదాకా విని, అప్పుడు మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

"ఆ కంపెనీ వాళ్లు ఎవురో నేనెరగనన్నా. నేనెరిగింది నిన్నే."

తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె చేతి సంచిలోంచి తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టుకుంది.

"కొత్త మెయిలు ఒకటి కావాల. నెల్లూరులో వేరే ఆస్పత్రిలో అడుగుతుండారు. ఈసారి నా నంబరు."

అలవాటు కొద్దీ నేను కీబోర్డు నా వైపు లాక్కున్నాను. ఆమె దాన్ని మళ్లీ తన వైపు తిప్పుకుంది.

"నువ్వు లే అన్నా. నేనే కొట్టుకుంటా. ఏది యాడుండాదో చెప్పు చాలు."

లేచి పక్కన నిలబడ్డాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఒకే వేలితో కొట్టింది. పేరు కొట్టింది. పుట్టిన తేదీ కొట్టింది. నంబరు కొట్టాక ఆమె ఫోన్ మోగింది, ఓటీపీ ఆమే చూసుకుని ఆమే కొట్టుకుంది. పాస్‌వర్డు అడిగే చోటికి వచ్చాక వేలు ఆపి, తలెత్తి నా వైపు చూసింది.

"అటు తిరుగన్నా."

తిరిగాను. రోడ్డు మీద ఆత్మకూరు బస్సు జనాన్ని ఎక్కించుకుంటోంది. వెనకాల మీటల చప్పుడు వినపడుతూనే ఉంది, ఒక్కొక్కటిగా, చాలాసేపు. ఆమె అయిపోయిందని చెప్పేదాకా నేను అటే చూస్తూ నిలబడ్డాను.